రాక్ అండ్ రోల్: వాయించిన చేతులు, కాగితం మీద సంతకాలు

ప్రశ్న: "రాక్ అండ్ రోల్ ఎల్విస్ ప్రెస్లీతో మొదలైందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఈమధ్య కొందరు అది మొత్తం నల్లజాతివాళ్ళదనీ, ఎల్విస్ దొంగిలించాడనీ అంటున్నారు. ఇంకొందరేమో వాళ్ళది బ్లూస్ అనే వేరే సంగీతం, రాక్ మీద దాని ప్రభావం ఉంది, అంతవరకే అంటారు. ఏది నిజం? కాస్త వివరంగా చెప్పండి."

సికింద్రాబాద్‌లో ఇరవై ఆరేళ్ళుగా గిటార్ నేర్పుతున్నాను. చరిత్ర నా సబ్జెక్టు కాదు, వాయించడం నా పని. కాబట్టి వాయించేవాడి వైపు నుంచే చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీరు చెప్పిన మూడు మాటల్లో నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది మూడోది. "ప్రభావం" అంటే ఎవరో ఎక్కడో పాడుకుంటుంటే ఇంకొకరు విని, అందులోంచి తమదైన కొత్త వస్తువు తయారుచేసుకోవడం. ఇక్కడ అలా జరగలేదు. 1954 జులైలో ఎల్విస్ మెంఫిస్‌లో తన మొదటి రికార్డు చేసేనాటికే ఆ వస్తువు తయారై, రికార్డుల మీదికెక్కి, లక్షల్లో అమ్ముడై ఉంది. డ్రమ్ముల దెబ్బ, పియానో ఎడమచేయి, ఆంప్లిఫయర్ బొంగురు గొంతు, స్టేజీ మీద గెంతులు, అన్నీ. మారింది దాని పేరు, అది అమ్ముడుపోయే వీధి, కింద సంతకం పెట్టినవాళ్ళు. అందుకే ఎవరైనా ఈ గొడవ తెస్తే నేను రెండే చూడమంటాను: వాయించిన చేతులెవరివి, కాగితం మీద సంతకాలెవరివి.

ముందు చేతుల సంగతి.

నాకు గిటార్ నేర్పిన మాస్టారు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఆంగ్లో-ఇండియన్ పెద్దాయన. ప్రతి శిష్యుడికీ ఏదో ఒకరోజు చక్ బెర్రీ "జానీ బి. గూడ్" మొదటి పన్నెండు బార్లు (తాళం ఆవర్తనాలు) నేర్పేవారు. 1958 నాటి ఆ పాట మొదలు తెలియని గిటారిస్టు భూమ్మీద ఉండడు. 1977లో అమెరికావాళ్ళు వాయేజర్ నౌకల్లో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో కూడా ఆ పాట ఉంది. చాలా ఏళ్ళు నేను కూడా అది బెర్రీ బుర్రలోంచి ఊడిపడిందనే అనుకున్నాను. తర్వాత ఒకరోజు లూయిస్ జోర్డన్ అనే సాక్సోఫోన్ వాద్యకారుడి 1946 రికార్డు "ఎయింట్ దట్ జస్ట్ లైక్ ఎ ఉమన్" విన్నాను. మొదటి సెకను నుంచే గిటార్ మొదలవుతుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అదే ముక్క! కొంచెం మెత్తగా, స్వింగ్ నడకలో ఉంది గానీ వేళ్ళు పడే చోట్లు దాదాపు అవే. వాయించింది జోర్డన్ బృందంలోని కార్ల్ హోగన్. బెర్రీ దీన్ని దాచలేదు, హోగన్ నుంచి తీసుకున్నానని తనే చెప్పాడు. నల్లజాతి గిటారిస్టు చేతిలోంచి ఇంకో నల్లజాతి గిటారిస్టు చేతిలోకి, పన్నెండేళ్ళలో. మనలో చాలామంది కార్ల్ హోగన్ పేరైనా వినలేదు.

ఇంకో సంగతి గిటారిస్టులకు మాత్రమే వింతగా తోస్తుంది. ఆ పాట బి-ఫ్లాట్ శ్రుతిలో ఉంటుంది. గిటార్ పట్టినవాడెవడూ తనంతట తాను బి-ఫ్లాట్ ఎంచుకోడు, ఇ గానీ ఎ గానీ ఎంచుకుంటాడు, తెరిచిన తీగలు కలిసొస్తాయి గనక. బి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్ అనేవి సాక్సోఫోన్‌వాళ్ళకీ, వాళ్ళతో వాయించే పియానోవాళ్ళకీ అనువైన శ్రుతులు. బెర్రీ అక్కడికెలా వెళ్ళాడు? జానీ జాన్సన్ అనే పియానిస్టు వల్ల. 1952 డిసెంబరు 31 రాత్రి సెయింట్ లూయిస్ పక్కనున్న ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో జాన్సన్ తన ముగ్గురి బృందంలో సాక్సోఫోన్ మనిషి రాలేకపోతే బెర్రీని పిలిచాడు. బ్యాండ్ జాన్సన్‌ది, బెర్రీ ఆ రాత్రికి అరువు మనిషి. తర్వాత పాటలు రాసే నేర్పు, జనాన్ని పట్టే మాట, చురుకు ఉన్న బెర్రీ ముందుకెళ్ళాడు, జాన్సన్ వెనక కూర్చున్నాడు. 1980లలో జాన్సన్ సెయింట్ లూయిస్‌లో ముసలివాళ్ళను తీసుకెళ్ళే బస్సు నడిపేవాడు. 2000లో ఆ పాటల్లో తన వాటా ఇమ్మని బెర్రీ మీద దావా వేశాడు. ఇన్నేళ్ళ తర్వాత వస్తే ఎలా అని 2002లో కోర్టు కొట్టేసింది. చేతులకీ సంతకానికీ మధ్య దూరం నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్యే ఉంటుందనుకోకండి.

ఇక అసలు తాళానికి వద్దాం. సంగీతం కాస్త తెలిసిన తెలుగువాళ్ళకి ఇది ఇంగ్లీషువాళ్ళకంటే తేలిగ్గా అర్థమవుతుంది. 1940లలో జనం డాన్సు చేసిన సంగీతంలో చాలాభాగం తిశ్ర గతి. ఒక్కో దెబ్బను "తకిట" అని మూడుగా పగలగొట్టి, మధ్యదాన్ని మింగేసి "త-ట, త-ట" అని కుంటుతూ నడవడం. దాన్నే వాళ్ళు షఫుల్ అంటారు. రాక్ అండ్ రోల్ నడక చతురశ్రం. "తకదిమి"లా సమానంగా తెగగొట్టిన దెబ్బలు. తిశ్రంలోంచి చతురశ్రంలోకి దాటిన ఆ క్షణమే నా దృష్టిలో రాక్ పుట్టుక. బెర్రీ తొలి రికార్డుల్లో వింతేమిటంటే డ్రమ్ముల మనిషి ఇంకా తిశ్రంలో కుంటుతుంటాడు, గిటార్ అప్పటికే చతురశ్రంలో దూసుకుపోతుంటుంది. రెండూ రాసుకుని నిప్పులు పడతాయి.

పూర్తిగా దాటించింది న్యూ ఆర్లీన్స్ డ్రమ్మర్ ఎర్ల్ పామర్. కారణం తనే చెప్పాడు: లిటిల్ రిచర్డ్ కుడిచేయి. రిచర్డ్ పియానో మీద కుడిచేత్తో గుద్దుతూ ఎనిమిదికెనిమిది సమానంగా వాయిస్తుంటే, వెనక షఫుల్ పట్టుకుని కూర్చోవడం పామర్‌కి కుదరలేదు. ఆయన కూడా సమానంగా కొట్టడం మొదలుపెట్టాడు. అంతే. పెద్ద సిద్ధాంతమేమీ లేదు, పక్కవాడు గట్టిగా కొడుతుంటే తానూ కొట్టాల్సొచ్చింది.

రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా ఊనిక వేయడం ఇంకోటి. మన భజనల్లో తాళం మామూలుగా మొదటి దెబ్బకే పడుతుంది. నల్లజాతి చర్చిల్లో, ముఖ్యంగా డ్రమ్ములూ టాంబరిన్లూ లోపలికి రానిచ్చిన పెంతెకొస్తు సంఘాల్లో, చప్పట్లు రెండుకీ నాలుగుకీ పడేవి. ఆ చప్పట్లనే స్నేర్ డ్రమ్ము మీదికి తెచ్చుకుంటే బ్యాక్‌బీట్. అది లేని రాక్ పాట దాదాపు ఉండదు.

న్యూ ఆర్లీన్స్ మాట వచ్చింది గనక అక్కడ కాసేపు ఆగాలి. ర్యాంపార్ట్ వీధి మూలమీద కొసీమో మటాసా అనే ఇటాలియన్ సంతతి ఆసామి తన కుటుంబం నడిపే దుకాణం వెనక గదిలో స్టూడియో పెట్టాడు. గది చిన్నది, అందరూ ఒకేసారి వాయించాలి, తప్పు వస్తే మొదటి నుంచి. 1949 డిసెంబరు 10న అక్కడే ఫ్యాట్స్ డామినో "ది ఫ్యాట్ మ్యాన్" రికార్డు చేశాడు. వెనక బ్యాండ్ డేవ్ బార్తోలొమ్యూది, డ్రమ్ములు పామర్‌వే. పియానో ఎడమచేయి వినండి, రోడ్డు రోలర్‌లా నడుస్తుంది. ఎల్విస్‌కి అప్పటికి పద్నాలుగేళ్ళు. తర్వాత రోజుల్లో ఎవరైనా "ఈ రాక్ అండ్ రోల్ ఏమిటి?" అని అడిగితే డామినో నవ్వి, మీరిప్పుడు అలా పిలుస్తున్నారు, మేం ఎప్పటినుంచో వాయిస్తున్న రిథమ్ అండ్ బ్లూసే (అప్పట్లో నల్లజాతివాళ్ళ సంగీతానికి పెట్టిన పేరు) ఇది అనేవాడు.

అదే గదిలో 1955 సెప్టెంబరులో లిటిల్ రిచర్డ్. జార్జియా రాష్ట్రం మేకన్ ఊరి కుర్రాడు, అప్పటికి ఇరవై రెండేళ్ళు. నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్ లాస్ ఏంజిలిస్ నుంచి వచ్చాడు. ఉదయమంతా పాటలు చప్పగా వచ్చాయి. మనిషి చూస్తే మెరుపు, పాడితే మామూలు. విసుగెత్తి భోజనానికి డ్యూ డ్రాప్ ఇన్ అనే చోటికి వెళ్ళారు. అక్కడ పియానో కనిపించగానే, నలుగురు జనం కనిపించగానే రిచర్డ్ దాని మీద పడి ఒక పచ్చి బూతు పాట ఎత్తుకున్నాడు. క్లబ్బుల్లో తాగినవాళ్ళ కోసం పాడుకునే పాట. బ్లాక్‌వెల్‌కి అర్థమైంది, మనిషి ఇక్కడున్నాడు అని. కానీ ఆ మాటలతో రికార్డు చేస్తే రేడియో కాదు కదా పోలీసులు వస్తారు. డొరొతీ లాబోస్ట్రీ అనే యువతిని పిలిచి మాటలు మార్చి రాయమన్నాడు. రిచర్డ్‌కి ఆ మాటలు ఆడమనిషి ముందు పాడటానికి సిగ్గేసి గోడవైపు తిరిగి పాడాడట. సెషన్ అయిపోవడానికి పావుగంట ఉందనగా పాట సిద్ధమైంది. ఉన్న పియానిస్టుకి నేర్పే టైము లేదు, నువ్వే వాయించెయ్ అన్నారు రిచర్డ్‌ని. అలా ఆ కుడిచేయి రికార్డు మీదికెక్కింది. అదే "టుట్టి ఫ్రుట్టి". టైము ఉండి వేరే పియానిస్టు వాయించి ఉంటే ఏమయ్యేదో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

గిటార్ బొంగురు గొంతు సంగతి కూడా ఇలాంటిదే. 1951 మార్చిలో ఐక్ టర్నర్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడి బృందం మిసిసిపీ నుంచి కార్లో మెంఫిస్‌కి బయల్దేరింది. దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయర్ దెబ్బతింది. కారు మీంచి పడిందనీ, వానకి తడిసిందనీ కథ రెండుమూడు రకాలుగా చెబుతారు. శామ్ ఫిలిప్స్ స్టూడియోలో స్పీకర్ శంకువు చిరిగి బర్రుమంటుంటే బాగుచేయించే వ్యవధి లేక అందులో కాగితాలు కుక్కారు. ఆ బర్రు శబ్దం ఫిలిప్స్‌కి నచ్చింది, తగ్గించకుండా ముందుకు తెచ్చాడు. "రాకెట్ 88" రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికెళ్ళింది. నేడు మనం వేలు పోసి పెడల్ కొని తెచ్చుకునే డిస్టార్షన్‌కి తొలి రికార్డుల్లో అదొకటి. రికార్డు మీద పేరు మాత్రం టర్నర్ బృందానిది కాదు, ఆ పాటకి గొంతిచ్చిన సాక్సోఫోన్ మనిషి జాకీ బ్రెన్‌స్టన్ పేరు, లేని ఒక బ్యాండ్ పేరుతో కలిపి. టర్నర్ ఆ మంట చచ్చేదాకా మర్చిపోలేదు. అదే ఏడాది బిల్ హేలీ అనే తెల్లజాతి కంట్రీ గాయకుడు ఆ పాటను మళ్ళీ పాడాడు. అవును, తర్వాత "రాక్ అరౌండ్ ది క్లాక్" పాడిన హేలీయే.

గిటారిస్టు బో డిడ్లీ దరువు గురించి చెప్పకపోతే నా శిష్యులు ఊరుకోరు. దాన్ని నేను నోటితో నేర్పిస్తాను: "తకిట తకిట తకదిమి తక తకదిమి". లెక్కేసుకోండి, మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం పదహారు. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద ఊనిక వేస్తే 1955లో "బో డిడ్లీ" అనే పాటలో వినిపించిన దరువు వచ్చేస్తుంది. క్యూబా సంగీతంలో ఇదే లెక్కను క్లావే అంటారు. అమెరికాలో నల్లజాతి పిల్లలు తొడలమీదా గుండెలమీదా చరుచుకుంటూ ఆడే హాంబోన్ ఆటలోనూ ఉంది. ఒళ్ళే ఎందుకు వాయిద్యమైందంటే దానికీ ఒక చరిత్ర ఉంది. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు డప్పులు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడాదే అక్కడ బానిసలు డప్పు వాయించకూడదని చట్టం చేశారు. డప్పు లాక్కుంటే దరువు ఒంట్లోకి వెళ్ళింది. రెండు వందల ఏళ్ళ తర్వాత నలుచదరపు పెట్టెలాంటి గిటార్ పట్టుకున్న మిసిసిపీ మనిషి బో డిడ్లీ, పక్కన మరాకాస్ గిలకలు ఊపే జెరోమ్ గ్రీన్‌తో, దాన్ని మళ్ళీ బయటికి తెచ్చాడు. ఆ తర్వాత ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు. ఒక్కరూ బో డిడ్లీకి పైసా ఇవ్వనక్కర్లేదు, చట్టం ప్రకారమే. బాణీకి హక్కు ఉంటుంది, మాటలకి హక్కు ఉంటుంది, దరువుకి ఉండదు. ఆయన ముసలితనంలో కూడా ఈ మాట మీద మండిపడుతూనే ఉండేవాడు. పడడా మరి?

చదువుతున్నవాళ్ళలో కొందరు "ఇంతవరకూ ఆడవాళ్ళ పేరే రాలేదు" అనుకుంటూ ఉంటారు. నిజానికి వరసలో ముందు చెప్పాల్సింది సిస్టర్ రోసెట్టా థార్ప్. 1915లో ఆర్కన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊళ్ళో పుట్టింది. తల్లి మాండలిన్ వాయిస్తూ సువార్త చెప్పే మనిషి. ఈమె ఆరేడేళ్ళ నుంచే చర్చిలో గిటార్ పట్టింది. 1938లో దేవుడి పాటలను రికార్డుల్లోకీ, న్యూయార్క్ నైట్ క్లబ్బుల్లోకీ తీసుకెళ్ళింది. చర్చివాళ్ళకి ఒళ్ళు మండింది. 1945లో ఆమె "స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే" నల్లజాతి రికార్డుల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్ళింది, ఒక భక్తి పాట! 1947లో మేకన్‌లో కచేరీకి వచ్చినప్పుడు అక్కడి హాల్లో పనిచేసే పద్నాలుగేళ్ళ కుర్రాడు పాడటం విని స్టేజీ మీదికి రమ్మంది. ఆ కుర్రాడే లిటిల్ రిచర్డ్. 1951లో వాషింగ్టన్‌లో బేస్‌బాల్ స్టేడియంలో టికెట్లు పెట్టి పెళ్ళి చేసుకుంది, వేలమంది కొనుక్కుని వచ్చారు, పెళ్ళయ్యాక కచేరీ.

1964 మే నెలలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో వాడకంలో లేని ఒక రైల్వే స్టేషన్లో టీవీవాళ్ళు ఆమెతో కార్యక్రమం చేశారు. ఆ వీడియో దొరుకుతుంది, తప్పక చూడండి. జనం ఒక ప్లాట్‌ఫాం మీద, ఆమె ఎదుటి ప్లాట్‌ఫాం మీద, మధ్యలో పట్టాలు. వాన పడి నేలంతా తడి. గుర్రబ్బండి దిగి, మందపాటి కోటుతో, హీల్స్‌తో నడిచొచ్చి, తెల్ల ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని, వాన గురించిన భక్తి పాట మొదలుపెట్టింది. మధ్యలో సోలో వాయిస్తూ చేయి గాల్లోకి ఎత్తే తీరు చూడండి. తర్వాతి తరం గిటార్ హీరోలు చేసినవన్నీ ఆ కోటు లోపల ఉన్నాయి. 1973లో ఫిలడెల్ఫియాలో పోయింది. చాలా ఏళ్ళపాటు ఆమె సమాధి మీద పేరు రాసిన రాయి కూడా లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌వాళ్ళకి ఆమె గుర్తొచ్చింది 2018లో.

ఇక కాగితాలు.

ముందు పేర్ల సంగతి క్లుప్తంగా. 1949 జూన్ దాకా బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతివాళ్ళ రికార్డుల జాబితాను "రేస్ రికార్డ్స్" అనేది, అంటే "జాతి రికార్డులు". ఆ పేరు బాగోలేదని అక్కడ పనిచేసే జెర్రీ వెక్స్లర్ "రిథమ్ అండ్ బ్లూస్" అని మార్పించాడు. 1951 నుంచి క్లీవ్‌లాండ్ రేడియోలో అలన్ ఫ్రీడ్ అదే సంగీతాన్ని తెల్ల కుర్రకారుకి వినిపిస్తూ "రాక్ అండ్ రోల్" అని పిలిచాడు. ఆ మాటలు కూడా ఆయన పుట్టించినవి కావు. 1922లోనే ట్రిక్సీ స్మిత్ అనే బ్లూస్ గాయని రికార్డు పేరులో రాకూ రోలూ రెండూ ఉన్నాయి, ఆ అర్థం చెప్పడానికి ఇది చోటు కాదు. దక్షిణాది ఊళ్ళలో కచేరీ హాళ్ళకి మధ్యలో తాడు కట్టి నల్లవాళ్ళని ఒక పక్కా తెల్లవాళ్ళని ఇంకో పక్కా నిలబెట్టేవారు. రేడియోకి తాడు కట్టలేరు కదా. అదొక్కటే అందరి ఇళ్ళలోకీ వెళ్ళింది.

కుర్రకారు వింటున్నారని తెలిశాక పెద్ద కంపెనీలు చేసిన పని, నల్లవాళ్ళ పాట బయటికి రాగానే అదే పాటను తెల్ల గాయకుడితో పాడించి వదలడం. ఫ్యాట్స్ డామినో "ఎయింట్ దట్ ఎ షేమ్" 1955లో పాప్ జాబితాలో పదో స్థానం దాకా వెళ్ళింది. పాట్ బూన్ పాడిన అదే పాట మొదటి స్థానానికెళ్ళింది. "టుట్టి ఫ్రుట్టి"ని కూడా బూన్ పాడాడు. అతని రికార్డు పన్నెండో స్థానం దాకా ఎక్కింది, రిచర్డ్‌ది అంతకంటే కిందే ఆగింది. బూన్ పాడింది ఒకసారి వినండి, పులిహోరలో పోపు మర్చిపోయినట్టుంటుంది. రిచర్డ్, బ్లాక్‌వెల్ తర్వాతి పాటకి పంతం పట్టారు: బూన్ నోరు తిరగనంత వేగంగా చెయ్యాలి. "లాంగ్ టాల్ సాలీ" అలా పుట్టింది. బూన్ అదీ పాడాడు గానీ ఈసారి రిచర్డ్‌దే పైచేయి.

లావెర్న్ బేకర్ కథ ఇంకా చేదు. ఆమె "ట్వీడిల్ డీ"ని జార్జియా గిబ్స్ అనే తెల్ల గాయని వాద్యాల అమరికతో సహా మక్కీకి మక్కీ దింపేసింది. పాట రాసినవాడికి డబ్బు వస్తుంది. మరి ఆ పాటకి ప్రాణం పోసిన గొంతుకీ, ఆ అమరిక కట్టినవాళ్ళకీ? ఏమీ రాదు, ఎందుకంటే 1950లోనే ఒక కోర్టు వాద్యాల అమరికకి హక్కు లేదని తేల్చింది. బేకర్ 1955లో అమెరికా కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కి ఉత్తరం రాసి చట్టం మార్చమంది. మారలేదు. తర్వాత ఒకసారి విమానం ఎక్కేముందు ప్రమాద బీమా తీసుకుని, డబ్బు గిబ్స్‌కి చెందాలని రాసిందని చెబుతారు. నేను పోతే కాపీ కొట్టడానికి ఏమీ మిగలక పాపం ఆమె ఏం తిని బతుకుతుంది అని!

"హౌండ్ డాగ్" విషయంలో చాలామంది తప్పు చెబుతారు, కాబట్టి జాగ్రత్త. దాన్ని రాసింది లీబర్, స్టోలర్ అనే ఇద్దరు యూదు కుర్రాళ్ళు, ఇంకా ఇరవై నిండలేదు. బిగ్ మామా థార్న్‌టన్ కోసమే రాశారు. 1952 ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లో ఆమె పాడింది, 1953లో రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆమె గొంతులో అది ఆడదాని సొమ్ము తిని తిరిగే మగాణ్ణి గుమ్మంలోంచి గెంటేసే పాట. ఎల్విస్ 1956లో పాడింది లాస్ వేగాస్‌లో ఒక బృందం మాటలు మార్చి పాడుతుంటే విని. అప్పటికి అందులో మగాడు పోయి నిజం కుక్కే మిగిలింది. థార్న్‌టన్ తనకి ఆ పాట మీద మొత్తం దక్కింది 500 డాలర్ల చెక్కు ఒక్కటే అని చెప్పుకునేది.

ఇప్పుడు ఎల్విస్ దొంగా కాదా. ఆయన మొదటి రికార్డు "దట్స్ ఆల్ రైట్" ఆర్థర్ క్రుడప్ అనే మిసిసిపీ గాయకుడు 1946లో పాడినది. ఎల్విస్ రికార్డు మీద రచయితగా క్రుడప్ పేరే అచ్చయింది. అంటే పాట దాచిపెట్టి తనదని చెప్పుకోలేదు. 1956లోనే పత్రికలవాళ్ళతో క్రుడప్ పేరెత్తి, ఆ మనిషి వాయించినట్టు వాయించగలిగితే చాలనుకునేవాణ్ణన్నాడు. 1957లో నల్లజాతి పత్రిక జెట్‌తో మాట్లాడుతూ, ఇది నేను మొదలుపెట్టిందని జనం అనుకుంటున్నారు, నేను రాకముందు నుంచే ఉంది అన్నాడు. మరి డబ్బు ఎక్కడికి పోయింది? క్రుడప్ మేనేజరూ ప్రచురణకర్తా ఒకరే, లెస్టర్ మెల్‌రోజ్. హక్కుల కాగితం ఆయన దగ్గరుంది. పాట ప్రపంచమంతా మోగుతుంటే క్రుడప్ పొలాల్లో కూలి చేసుకున్నాడు. 1970ల మొదట్లో శ్రేయోభిలాషులు పోరాడితే 60,000 డాలర్లకి ఒప్పందం కుదిరింది. క్రుడప్ కుటుంబాన్ని వెంటబెట్టుకుని న్యూయార్క్ వెళ్ళి తన వైపు సంతకాలు పెట్టాడు. లోపలి గదిలోంచి వచ్చిన జవాబు, హక్కులున్న ప్రచురణ సంస్థవాళ్ళు సంతకం పెట్టరు అని. కోర్టుకెళితే ఇంతకంటే తక్కువే ఇవ్వాల్సొస్తుందని వాళ్ళ లెక్క. 1974లో ఆయన పోయాడు. ఆ తర్వాత గానీ కుటుంబానికి డబ్బు రావడం మొదలవలేదు.

చక్ బెర్రీ మొదటి రికార్డు "మేబెలీన్" మీద కూడా చూడండి. 1955లో అది బయటికొచ్చాక రచయితల చోట బెర్రీ పక్కన ఇంకో రెండు పేర్లున్నాయి. ఒకటి అలన్ ఫ్రీడ్, రేడియోలో పదేపదే వేసినందుకు. రెండోది రస్ ఫ్రాటో, రికార్డు కంపెనీవాళ్ళ పరిచయస్తుడు. ఇద్దరూ ఒక్క అక్షరం రాయలేదు. బెర్రీ తన పాట పూర్తి హక్కు తిరిగి తెచ్చుకునేసరికి 1986 అయింది. అందుకే ముసలితనంలో ఆయన స్టేజీ ఎక్కేముందే డబ్బు లెక్కపెట్టి తీసుకునేవాడంటే నవ్వుకోకండి.

తెల్లవాళ్ళ చేతులు అసలే లేవా అంటే ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. "మేబెలీన్" బాణీకి మూలం "ఐడా రెడ్" అనే పాత కంట్రీ పాట. ఈస్ట్ సెయింట్ లూయిస్ నల్లజాతి క్లబ్బులో బెర్రీ కంట్రీ పాటలు పాడుతుంటే జనం మొదట వింతగా చూసి తర్వాత డాన్సు చేశారు. మటాసా, ఫిలిప్స్ లేకపోతే సగం రికార్డులు ఉండేవి కావు. ఎల్విస్‌లో కంట్రీ, మెంఫిస్ చర్చి పాట, బీల్ వీధి బ్లూస్ కలిసిన తీరు ఆయనదే, అలా ఇంకెవరూ పాడలేదు. కానీ కలిపినవాడు వేరు, వండినవాళ్ళు వేరు.

మీకు ఆసక్తి ఉంటే ఈ వరసలో వినండి: జోర్డన్ "ఎయింట్ దట్ జస్ట్ లైక్ ఎ ఉమన్", వెంటనే "జానీ బి. గూడ్". థార్న్‌టన్ "హౌండ్ డాగ్", వెంటనే ఎల్విస్‌ది. "ది ఫ్యాట్ మ్యాన్", "రాకెట్ 88", "బో డిడ్లీ", చివర్లో "టుట్టి ఫ్రుట్టి". ఫోన్ స్పీకర్ మీద వినొద్దు, పియానో ఎడమచేయి అసలు వినపడదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చప్పట్లు కొడుతూ వినండి. చేయి తెలియకుండా ఒకటికీ మూడుకీ వెళ్ళిపోతుంటే కంగారు పడకండి, నాక్కూడా మొదటి ఆర్నెల్లూ అలాగే పోయేది, మాస్టారు స్కేలుతో మోకాలి మీద కొట్టి సరిచేసేవారు.